గొడుగుల కొట్టు స్తంభం

ప్రియమైన అన్నయ్యకు,

బుధవారం మా పురాతన కట్టడాల ఆఫీసులో గొడుగుల కొట్టు గురించి నన్ను విచారిస్తారు. అక్కడ నేను చెప్పబోయేది నువ్వు పరాయివాళ్ల నోట వినకూడదని ఇప్పుడే రాస్తున్నాను. ఎదురుగా చెబుదామంటే నువ్వు నిలబడవు. "లోడు దిగుతోంది పంతులమ్మా" అంటూ చెప్పులు తొడుక్కుంటావు. నీకు చదవడం రాదు, వదినకీ రాదు, కాబట్టి దీన్ని పాత కలపా ఇనుమూ అమ్మే నీ డిపో గుమాస్తా చదువుతాడు. గుమాస్తాగారూ, మా అన్న కళ్లెర్రజేసినా ఒక్క ముక్క మింగకండి. కూలీలు దగ్గర్లో ఉంటే మరీ మంచిది, గట్టిగా చదవండి.

పాత బజారులో కొట్ల చరిత్ర రాసే ఉద్యోగం నాకు వచ్చినప్పుడు నీ అంత సంబరపడినవాళ్లు లేరు. అన్నం తిన్నాక "ఇవాళ ఏ కొట్టు రాశావే, చదువు" అనేవాడివి. గోడకి చేరబడి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేవాడివి. త్రాసుల కొట్లో దూలం ఒకే మానుదని చదివితే "అతుకే లేదా? నిజంగా?" అన్నావు. గొడుగుల కొట్టు ముందున్న ఇనుప స్తంభాలు లోపల బోలుగా ఉంటాయనీ, డాబా మీద పడ్డ వాన వాటిలోంచే కాలవలోకి దిగుతుందనీ, సరుకు తడవకుండా మొదటి యజమాని అలా పోత పోయించాడనీ చదివాను. "గొడుగులమ్మేవాడికి వానంటే భయమా!" అని పడీ పడీ నవ్వావు. నవ్వాగాక "బోలయితే ఎంత బరువుంటుందే?" అని అడిగావు. నా రాత నీకు అంత నచ్చిందని మురిసిపోయాను, వెర్రిదాన్ని. నేను చరిత్ర చదువుతుంటే నువ్వు సరుకు చూసుకుంటున్నావు.

ఇంకా రక్షణ జాబితాకెక్కని త్రాసుల కొట్టుని ఎవరో కొని పడగొట్టారని తెలిసి ఏడ్చాను. ఆ వారమే నువ్వు నాకో బల్ల చేయించి తెచ్చావు. "మా పంతులమ్మ నేల మీద కూర్చుని రాయడమేంటి" అన్నావు. చిత్రిక పట్టిన ఆ చెక్కని నిమురుతుంటే బిరడాతో పూడ్చిన రంధ్రం తగిలింది. ఆ కొట్టు దూలానికి పెద్ద త్రాసు వేలాడిన కొక్కెం తాలూకు రంధ్రమది. చుట్టూ ఉన్న నల్లమచ్చ నేను టేపు పెట్టి కొలిచిందే. నాకు నీ మీద అనుమానం రాలేదన్నయ్యా, నేరుగా అసహ్యమే వచ్చింది. ఈ ఉత్తరం నేల మీద కూర్చునే రాస్తున్నాను. బల్ల వాకిట్లో ఉంది, బండి పంపించుకో.

ఇప్పుడు గొడుగుల కొట్టు కొన్నావు. అది జాబితాలో ఉంది, పడగొట్టనివ్వరు. అందుకే ముందు స్తంభం ఒకటి పీకించి, దాని చోట కర్ర పోటు పెట్టించావు. గోడ నెర్రెలు విచ్చాక, కట్టడం ప్రమాదకరమని ఆఫీసు చేతే కూల్పించాలని నీ ఎత్తు. మేడ మీద బట్టలు కుట్టే పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. "నేను మిషను తొక్కుతుంటే నేల ఊగి నన్ను తొక్కుతోందమ్మా" అంది. "మీ అన్నొచ్చి ప్రాణం మీద ఆశ ఉంటే ఖాళీ చెయ్యమన్నాడు. నా ప్రాణం మీద ఆయనకెందుకంత బెంగ?" అంది. తల దించుకుని మెట్లు దిగాను.

మొన్న నిలదీస్తే "నిన్ను చదివించిందెవరే?" అన్నావు. నువ్వే. నాన్న వద్దన్నా బస్తాలు మోసి బడికి పంపావు. ఆ విశ్వాసం కొద్దీ, మా ఆఫీసులో అచ్చుకాకముందే అన్నీ నీకు చదివి వినిపించాను. అయితే మాత్రం, ఆవిడ నెత్తిన కప్పు కూలుతుంటే నోరు మూసుకోమంటావా? అందుకేనా చదివించావు?

బుధవారం నీ పేరు చెబుతాను. ఆ వివరాలు నీకు చేరవేసింది నేనేననీ చెబుతాను. ఉద్యోగం పోతే పోనీ. ఆ స్తంభం నీ డిపోలో రేకుల చాటున పడి ఉండగా చూశాను. దాన్ని తీసుకెళ్లి మేస్త్రీ చేత మళ్లీ నిలబెట్టించు. నిలబెట్టిస్తే ఆ మాటా చెబుతాను. అంతకు మించిన చెల్లెలితనం నాలో మిగల్లేదు.

జవాబు గుమాస్తా చేత రాయించకు. నిలబెట్టిస్తావో లేదో, మంగళవారం పన్నెండో తేదీ దీపాలు పెట్టే వేళలోగా నువ్వే వచ్చి, నా మొహం చూసి చెప్పు.

ఇట్లు,
నీ చెల్లెలు