బావా, నీ చేపల తొట్టి కారలేదు

బావా,

ఎట్లున్నావని అడగకూడదేమో... అయినా అడుగుతున్నాను. నువ్వు పోయి ఆరు నెలలైంది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీ చేపలు కూడా. అవి మిగలడమే గొప్ప!

నీ దినాలు అయ్యాక అక్క నీ ఫొటోకు పటం కట్టించింది. మన హనుమకొండ ఇంటి ముందు గదిలో ఎత్తయిన అర అదొక్కటే కదా, చేపల తొట్టి పైన. అక్కడున్న నీ గాలి మోటరును తీసి నేల మీద పెట్టి, నిన్ను పైన కూర్చోబెట్టింది. గొట్టం సరిపోయింది, తొట్టిలో బుడగలూ వస్తున్నాయి. ఎవరికి అనుమానం వస్తుంది?

అప్పటినుంచి కరెంటు పోయినప్పుడల్లా గదంతా నీళ్లే. తొట్టి కారుతోందనుకుని చేపలను గంగాళంలోకి మార్చి, మూలలన్నీ లప్పంతో మెత్తాను. మళ్లీ అదే తంతు. మళ్లీ మెత్తాను. ఈ తిప్పల్లో రెండు చేపలు చచ్చిపోయాయి, బావా. ఆ రోజు అక్క అన్నం ముట్టలేదు. నువ్వు పెంచినవాటిని కూడా నిలుపుకోలేకపోతున్నానని ఏడ్చింది. మిగిలినవి ఎవరికైనా ఇచ్చెయ్యమంది.

పోయిన వారం నేను తొట్టి ముందర ఉండగానే కరెంటు పోయింది. బుడగలు ఆగాయి. చూద్దును కదా... తొట్టికి చెమ్మ కూడా లేదు! నీళ్లు గొట్టంలోకి ఎక్కి, కిందికి దిగి, మోటరులోంచి కారుతున్నాయి. అప్పుడు తట్టింది నీ మాట. "మోటరు నీళ్లకన్న మీదుండాలె రా. లేకుంటె కరెంటు పోంగనే నీళ్లన్ని ఎనకకొస్తయి."

మోటరు పైకి పోవాలి. మరి నువ్వు? పోయినవాళ్ల పటాన్ని కిందికి దించొచ్చా అని నేను నసుగుతుంటే, అక్కే స్టూలు తెచ్చి తొట్టి పక్కన వేసి నిన్ను దాని మీద పెట్టింది. మోటరును ఎండలో ఆరబెట్టి పైన పెట్టాను. ఆ తర్వాత కరెంటు ఎన్నిసార్లు పోయిందో... చుక్క కారితే ఒట్టు.

ఇంకో సంగతి. నువ్వు పైన ఉన్నన్నాళ్లూ అక్క దండం పెట్టుకుని, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయేది. ఇప్పుడు చేపలకు మేత వేస్తూ నీ పక్కనే కూర్చుంటోంది. నిన్న నేను వచ్చేసరికి వాకిట్లోకి వినబడేట్టు నిన్ను తిడుతోంది... అంత తొందరేమొచ్చిందని, మోటరు సంగతి తనకు ఒక్క ముక్కయినా చెప్పకుండా పోయావని. అక్క గొంతు అట్లా విని ఎన్నాళ్లయిందో! చెప్పులు విడవకుండా అక్కడే నిలబడి విన్నాను.

మోటరును నేను చూసుకుంటాను. తిట్లు నువ్వు పడు.

నీ బామ్మర్ది
రాజేశం