చుక్క గీతనా, బాపు వేలి మరకనా

1962, శనివారం రాత్రి, మహబూబ్‌నగర్

నేను అబ్జర్వేటరీ నుంచి తెచ్చుకున్న, ఒక చుక్క వెలుగును విడదీసి తీసిన వర్ణపటం ఫోటోను బాపు పల్లీలు తిన్న చేత్తోనే పట్టుకున్నాడు.

"గీ మసక ఏంది బిడ్డా?"

ఆ మసక పొద్దున ఉన్నట్టు గుర్తు లేదు. అక్కడ వెడల్పాటి గీత ఉంటే ఆ చుక్క హైడ్రోజన్ ఉన్న తెల్ల మరుగుజ్జు నక్షత్రం. లేకుంటే గీతలే లేని రకం. గీతలు లేవని అబ్జర్వేటరీలో మా సార్‌కు నిన్ననే చెప్పి వచ్చాను. సరిచూసుకుందామంటే ఈ ఫోటోకు అసలు గాజు ప్లేటు హైదరాబాద్‌లో ఉంది.

బట్టతో తుడిచాను. మసక కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. మిగిలింది పల్లీల నూనెనా, చుక్క గీతనా? సోమవారం మాట మార్చుకుంటే సార్ మళ్ళీ నా చేతికి పని ఇస్తారా?

"నా వేలు తగిలి ఖరాబైందా?" అని బాపు మెల్లగా అడిగాడు.

"లేదు బాపూ" అన్నాను.

అది అబద్ధమో నిజమో నాకే తెలియడం లేదు.