రంగూన్ గరిడీలో చేరిన తమ్ముడికి

పెదబయలు కొండ మీద నుంచి,
1926 నవంబరు

నా తమ్ముడు గాసిని ప్రభువు కాపాడుగాక. ఇక్కడ నేను, మీ వదిన రాజులమ్మ, గుంటలిద్దరూ ఆయన దయవల్ల బాగున్నాం. రంగూన్‌లో నీ ఒళ్లూ మనసూ గట్టిగా ఉన్నాయని నీ ఉత్తరమే చెప్పింది కనుక ఆ మాట మళ్లీ అడగను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. చోళ్లు కోశాం. ఈసారి అడవి పందులు మనకూ కాస్త మిగిల్చాయి. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. మీ వదిన మణికట్టు అతికింది గాని వంకరగా అతికింది. ఆ సంగతి కింద రాస్తాను.

ఇక గరిడీ. సముద్రం దాటి వచ్చిన ఉత్తరాన్ని ఆదివారం ప్రార్థన కాగానే సంఘంలో పైకి చదవడం మన అలవాటు కదా. నేను ముందు చూసుకోకుండానే విప్పాను. బియ్యం మిల్లు మేస్త్రీ మనుషులు కూలీలను కొడుతున్నారని, అందుకే కర్రసాము నేర్చుకోవాలనుకున్నావని చదివాను. మొదటి గరిడీలో ఆంజనేయుడి పటానికి మొక్కనన్నందుకు నిన్ను గెంటేశారని చదవగానే అందరూ "హల్లెలూయ" అన్నారు. ఆ తర్వాత రెండు నెలలు వెతికి మిల్లు వెనక ఇంకో గరిడీ కనుక్కున్నావని, అక్కడి గురువు, ఆ బొబ్బిలి ముసలాయన, "నువ్వెవులికి మొక్కుతావో నాకొద్దు, కాలెక్కడెడతావో అదే సూత్తాను" అని చేర్చుకున్నాడని చదివేసరికి ఆ హల్లెలూయలు గొణుగుడయ్యాయి.

సంఘ పెద్ద వరహాలు మావ లేచాడు. "కర్రట్టినోడు మనోడెలాగవుతాడు? ఆ గుంటడి పేరు పుస్తకంలోంచి కొట్టెయ్, సోంబరూ. బేగి కొట్టెయ్."

"కొట్టను మావా."

"అయితే ఇయాల్టి నుంచి నువ్వు వాక్యం సెప్పక్కర్లేదు."

సంఘం పుస్తకమూ కలమూ ఆయన ఒళ్లో పెట్టాను. "నీ సేత్తోనే కొట్టు."

పలక ముక్క మీద నాకు నేనే అక్షరాలు దిద్దుకున్నాను. నేను తప్ప ఆ ప్రార్థన పాకలో చదువు వచ్చినవాళ్లు లేరు. మావ పుస్తకాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెనక నుంచి ముసలి అసిరమ్మ, "సూసి కొట్టు వరాలూ, నీ పేరే కొట్టేసుకోగలవు!" అంది. పాకంతా నవ్వింది. నీ పేరు అలాగే ఉంది. నా ప్రసంగం మాత్రం నిజంగానే పోయింది. రెండు వారాలుగా సంతలో ఉప్పు బస్తాల పక్కన నిలబడి చెబుతున్నాను. పాక తలుపు వాళ్లది గాని నా నోరు వాళ్లది కాదు.

కర్ర ఎత్తేముందు నేలను తాకడం పాపమా అని అడిగావు. మనల్ని చేసిందే ఆ మట్టితో. తాకు. మొక్కు మాత్రం పైవాడికి మొక్కు. యెరూషలేము గోడ కట్టినవాళ్లు ఒక చేత పని చేస్తూ ఒక చేత ఆయుధం పట్టలేదా? కాపరి దుడ్డుకర్ర నాకు ఆదరణ అని రోజూ పాడుతున్నామే, కర్ర పట్టడం రాని కాపరి వల్ల గొర్రెకు ఏం ఆదరణ? ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. ఎలా తెలిసిందో ఇన్నాళ్లూ నీకు దాచాను.

మనం బాప్తిస్మం పొందిన రోజున తాయెత్తులతోపాటు ఊరి కర్రలన్నీ మంటలో వేయించింది నేనే. మీ వదిన గెడ్డ దాటుతూ నీళ్లలో జారిపడిందని నీకు రాసిందీ నేనే. అబద్ధం రాశాను. రోడ్డు గుత్తేదారు మనిషి వెట్టి బరువులు మోయమని ఆమెను లాగాడు. రానంది. కర్రతో కొట్టాడు. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను, చేతిలో గ్రంథంతో. గట్టిగా వాక్యం చదివాను గాసీ! రెండో దెబ్బ పడింది. చదువుతూనే ఉన్నాను. జారిపడ్డానని చెప్పమని ఆమెకు నేర్పాను కూడా. ఆమె నన్ను ఒక్కటే అడిగింది: "పుస్తకం కింద పెడితే దేవుడు కోప్పడతాడేటి?"

దాన్ని శాంతమని ప్రసంగించాను. అది భయం. మొన్న సంతలో అందరి ముందూ ఇదే ఒప్పుకున్నాను. రాజులమ్మ నా పక్కనే నిలబడింది. గుత్తేదారు మనుషులూ విన్నారు. విననీ.

సంక్రాంతి దాటాక రోడ్డు పని మళ్లీ మొదలుపెడతారట, మనుషుల కోసం మళ్లీ కొండెక్కుతారు. కాబట్టి నువ్వు గరిడీ మానకు. తల మీద పడే దెబ్బను ఎలా ఆపాలో మీ గురువునడిగి, కాగితం మీద బొమ్మ గీసి బేగి పంపు. ఈసారి ముందు నేనొక్కణ్ణే చదువుకుని, ఆ తర్వాత సంతలో అందరికీ చూపిస్తాను. నాకు నలభై దాటాయి, మోకాళ్లు పట్టేస్తున్నాయి. అయినా గట్టి వెదురు చూసి రెండు కర్రలు కొట్టి ఆరబెట్టాను. రెండోది మీ వదినది.

ఇట్లు,
నీ పాఠం కోసం కాచుకున్న అన్న,
సోంబరు