బినైన్ అనే మాట పుట్టుక

మోక్పో,
నవంబరు 14, 1998

చిరంజీవి గ్యుసిక్‌కు మీ బావ హా దల్‌మాన్ దీవించి రాయునది. ఇక్కడ నేనూ మీ అక్కా క్షేమమని రాయాలి గనక రాస్తున్నాను.

అసలు ఈ ఉత్తరం రాయకూడదనుకున్నాను. రెండుసార్లు కాగితం తీసి మళ్ళీ సొరుగులో పడేశాను. కానీ నీ ట్యూషన్ పిల్లలకు చెప్పాలంటూ, "బినైన్" అనే ఇంగ్లీషు మాటకు అర్థమూ పుట్టుకా రాసి పంపమన్నావు. నలభై ఏళ్లు మంగలి షాపులో జనం జుట్టు కత్తిరిస్తూ, అద్దం పక్కన డిక్షనరీ పెట్టుకుని చదువుకున్నవాణ్ణి. అడిగాక ఊరుకోలేను.

పాత లాటిన్‌లో "బెనె" అంటే మంచిగా అని. వెనకున్న ముక్కకు పుట్టడమని అర్థం. మొదట్లో దయగల మనుషుల్ని అలా అనేవారట. తర్వాత గ్రహాలకూ గాలికీ అంటింది. చివరికి డాక్టర్లు పట్టుకుపోయి, ప్రాణం తియ్యని గడ్డలకు తగిలించారు. ప్రాణం తీసేదానికి "మాలిగ్నెంట్", చెడ్డ పుట్టుక. పిల్లలకు రెండూ కలిపే చెప్పు, విడిగా చెబితే గుర్తుండవు.

నా మెడ మీది గడ్డ సంగతి తేలిన రోజు డాక్టరు నన్ను బయట కూర్చోబెట్టి నిన్ను లోపలికి పిలిచాడు. మన దగ్గర రోగికి అందరికన్నా చివరే కదా తెలిసేది. నువ్వు బయటికొచ్చి, "బినైనే బావా, పద, సూపు తాగుదాం" అన్నావు. నీ గిన్నె నువ్వు ముట్టుకోలేదు. అప్పట్నుంచి చొక్కా గుండీ పెట్టుకుంటుంటే నా వేళ్లు ఆ గడ్డను తప్పించుకుని తిరుగుతున్నాయి.

మీ అక్క పొద్దునోసారి, సాయంత్రమోసారి ఆ ఇంగ్లీషు మాట చెప్పమంటుంది. గొంతు వణుకుతుందేమోనని గట్టిగా చెబుతున్నాను. "నేనేం చెవిటిదాన్నా, అంత అరుస్తారు?" అంటుంది.

ఇట్లు,
మీ బావ

తా.క. మా ఇంట్లో మరిచిపోయిన నీ కోటు జేబులో ఆసుపత్రి కాగితం చూశాను. రోగి చదవలేడన్న ధైర్యంతోనే కదా మన డాక్టర్లు ఇంగ్లీషులో రాసేది. అందులో ఉన్నది పైన రాసిన రెండో మాట, చెడ్డ పుట్టుక. నాకెంత తెలిసిందో కనుక్కుందామనే ఆ మాట అడిగావని తెలుసు. కోపం లేదురా. ఆపరేషన్‌కు మంచం దొరికితే ఏ రోజో చెప్పు, వస్తాను. చచ్చేంత భయంగా ఉంది, పక్కన ఉండు.

ఇక్కడ ఆపి, వంటింట్లోకి వెళ్లి మీ అక్కకు చెప్పేశాను. ఆమె కిమ్చీ పచ్చడి పెట్టే క్యాబేజీకి ఉప్పు రాయడం ఆపలేదు. ఇంకో పీట వేసి, నన్నూ కూర్చుని ఉప్పు రాయమంది.