డ్రాగన్ ఆటకు వేరే సంగీతం

పిచ్చుకా,

మార్చి పదకొండున నేను మాడ్చిన ఆమ్లెట్ తింటూ అన్నావు, "ఆ డ్రాగన్ ఆట ఇంక ఆడను నాన్నా, ఆ సంగీతం వింటే అమ్మ చివరిరోజుల్లో ఉన్న ఆసుపత్రి గదే కళ్ళముందుకొస్తోంది" అని. అందుకని ఆటలో సంగీతం పూర్తిగా తగ్గించేశాను. అడుగుల చప్పుడూ వాన చప్పుడూ మాత్రం ఉంచాను. టీవీ పక్కనున్న పాత ఫోన్‌లో వేరే పాటలు పెట్టాను. చోటు మారినప్పుడల్లా పాట మార్చుకో.

అడవికి వేణువు. కోటకు మూడుసార్లు మార్చి, చివరికి వయొలిన్ పెట్టాను. ఇప్పటికీ మనసొప్పడం లేదు. డ్రాగన్‌తో యుద్ధానికి మాత్రం మృదంగం పెట్టకు. ఆ వేగానికి చేతులు తడబడి, కత్తి దూయకముందే బూడిదైపోయాను. నవ్వింది చాలు.

సత్రానికి ఏదీ కుదరలేదు. లేచి తిరిగాను, మళ్ళీ కూర్చున్నాను. ఆఖరికి అమ్మ వీణ సాధన చేస్తుండగా నువ్వు రికార్డు చేసింది పెట్టాను. మధ్యలో స్వరం తప్పి, "మళ్ళీ మొదటికొచ్చింది కథ" అంటుంది. ఆ ముక్క కత్తిరించలేదు. వినలేకపోతే తీసెయ్యి, నేనేమీ అనుకోను.

కూర వేడి చేసుకో. నీ నిన్నటి పళ్ళెం టీవీ వెనక దొరికింది. అక్కడికి నడిచి వెళ్ళిందా?

డ్యూటీకి ఆలస్యమైంది, వస్తాను.

నాన్న

ఇంకో మాట. సత్రం దాకా ఒక్కసారి ఆడి చూడు. నీ వీరుడు పడుకున్నాక, అమ్మ మళ్ళీ మొదటినుంచి వాయించడం మొదలుపెట్టేసరికి సత్రం ఆవిడ వస్తుంది. దీపం తగ్గించి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్తుంది.