వేరు చేసిన విత్తనాలు

అమ్మ పాదాలకు నీ చిన్న కూతురు సుంకమ్మ ఓర్వకల్లు నుంచి మొక్కి రాస్తున్న సంగతులు. మేమిద్దరం ఇక్కడ బాగున్నాము. నువ్వు, నాయన, అన్న, వదిన, పిల్లలు అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. వదినా, ఈ ఉత్తరం అమ్మకు నిదానంగా చదివి వినిపించు. అమ్మ ఆపమంటే ఆపు, మళ్ళీ చదవమంటే విసుక్కోకుండా మళ్ళీ చదువు.

మిరప కోతల సుగ్గికి వలస పోయి, పని ముగించుకుని మీరు గుంటూరు నుంచి కోసిగిలో ఇల్లు చేరారని అన్న చెప్పాడు. అమ్మా, నీ చేతుల మంట తగ్గిందా? ఆముదం రాసుకో. నాయన దగ్గు ఎట్లా ఉంది? ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు రాసిందని అనుకోవద్దు. ఫోన్‌లో నీ గొంతు వినగానే తిన్నావా, బాగుండావా అని అడుగుతాను, తరువాత మనిద్దరికీ మాట రాదు. ఇది మొదటి నుంచి చివర దాకా చెప్పవలసిన సంగతి.

మేము ఉండేది ఊరికి దూరంగా, బండరాళ్ల గుట్టల పక్కన ఉన్న ఒక పరిశోధన పొలంలో అని నీకు తెలుసు కదా. మీ అల్లుడు ట్రాక్టరు తోలుతున్నాడు. నేను కలుపు తీస్తాను, కోసిన గింజలు ఎండబోసి ఎత్తుతాను. రేకుల ఇల్లు, మధ్యాహ్నం లోపల కూర్చోలేము. ట్యాంకు నీళ్లు ఒకరోజు వస్తే ఒకరోజు రావు. అయినా మాకేమీ ఇబ్బంది లేదు, నువ్వు దిగులు పడవద్దు. చౌక బియ్యమే తింటున్నాము. వారానికి రెండుసార్లు జొన్నరొట్టె చేస్తాను. ఇక్కడి పిండి మన పిండిలా సాగదు, అంచులు పగులుతాయి. పక్క ఇళ్లలో ఆడవాళ్లు మంచివాళ్లే కానీ నేనే ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను. పొద్దున్నే విమానం పోతుంది. మొదట్లో బయటికి వచ్చి చూసేదాన్ని, ఇప్పుడు చూడడం లేదు.

రెండేళ్ల కింద నన్ను అత్తగారింటికి పంపేటప్పుడు నువ్వు ఒడిలో పోసిన విత్తనం నా దగ్గరే ఉండింది. అత్తగారి చేను ఎర్రగరుసు నేల అని మా అత్తను అడిగి తెలుసుకుని, కొర్ర, సజ్జ, కంది, అనుము, అలసంద, గోగు, ఆముదం దానికి తగినట్టు కలిపి పోశావు. బూడిద, వేపాకు వేసి సొరకాయ బుర్రలో పెట్టుకున్నాను. మొదటి ఏడు వాన లేక ఆ చేను బీడు పడింది. తరువాత ఇటు వచ్చేశాము. ఇక్కడ మాకు పెరటి మట్టి కూడా లేదు. మన చేనంతా పత్తి అయ్యాక నీ దగ్గర మిగిలిన విత్తనమంతా నాకే ఇచ్చావని నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం రాయడానికి నాకు చేయి రావడం లేదు.

శ్రావణి అని ఒక అమ్మాయి ఉంది, జమ్మలమడుగు వైపు పిల్ల. పెద్ద చదువు చదువుతూ ఇక్కడ పరిశోధన చేస్తోంది. పాతకాలం సేద్యం మీద పుస్తకం రాయాలట, దాన్ని కాలేజీ పిల్లలకు పాఠంగా కూడా పెడతారట. ఊరూరా తిరిగి ముసలివాళ్లను అడుగుతోంది. మీ అల్లుడు ఊరకుంటాడా? పాత విత్తనం మా ఇంట్లోనే ఉండాదని చెప్పేశాడు. ఆ పిల్ల మా ఇంటికి వచ్చి కింద కూర్చుని బుర్రలోకి తొంగి చూసింది.

“ఏందక్కా ఇది, అన్నీ కలిసిపోయినాయే?”

“కలిసిపోలేదు. మా అమ్మ కలిపింది.”

“ఎందుకు?”

“అట్లే కలపాల.”

అంతకంటే నాకు చెప్పడం రాలేదు. ఒక ఏడాది పైరు పెట్టి, గింజ పెంచి, నాకు ఇచ్చినదానికి రెండింతలు ఇస్తామంది. విత్తనం అడిగినవాళ్లకు లేదనకూడదని నువ్వే చెప్పావు కదా. ఇచ్చాను.

నాలుగు రోజుల తరువాత వాళ్ల గది తుడవడానికి వెళ్లాను. బల్ల మీద తెల్ల కాగితాలు పరిచి, ముగ్గురు ఆడపిల్లలు కూర్చుని నీ విత్తనాన్ని గింజ గింజా ఏరి వేరు చేస్తున్నారు. కొర్ర ఒక పొట్లం, కంది ఒక పొట్లం, ప్రతి పొట్లం మీద ఒక నంబరు. బూడిద చెరిగి పారబోశారు. ఒక పిల్ల నన్ను చూసి, “అక్కా, శానా కల్తీ ఉండాది, చూడు ఎంత బాగు చేసినామో,” అంది. పాపం, సంతోషంగానే చెప్పింది. నేను చీపురు పట్టుకుని వాకిలిలోనే నిలబడ్డాను. వద్దు అనబోయాను. చదువుకున్నవాళ్లు, ఏదో తెలిసే చేస్తుంటారనుకున్నాను. ఐదో తరగతితో బడి మానిన నేనేం చెప్తానులే అనుకున్నాను. గది తుడిచి వచ్చేశాను. అమ్మా, నేను చేసిన తప్పు అదే. ఇవ్వడం కాదు, చూస్తూ ఊరకుండడం.

మొన్న రోహిణి కార్తెలో మంచి వాన పడింది. గుట్ట పక్కన ఎర్రగరుసు మడి ఒకటి దున్ని పెట్టారు. పక్క ఊరి నుంచి ఎద్దులను, విత్తనం మీద మట్టి కప్పే గుంటకను తెప్పించారు. శ్రావణికి చదువు చెప్పే పెద్ద సారు వచ్చాడు, కాలేజీ పిల్లలు కూడా వచ్చారు. పొట్లాలన్నీ నా ముందు పెట్టి, ఒక చేట ఇచ్చారు.

“ఏమ్మా, ఏది ఎంత కలపాలో చెప్పు. మీ ఇంటి పద్ధతే చేద్దాం,” అన్నాడు సారు.

చేటలో మొదట కొర్ర పోశాను. కందుల పొట్లంలో చేయి పెట్టి, ఎన్ని తియ్యాలో తెలియక అట్లాగే ఉండిపోయాను. నాకు ఒక ఏడు మాత్రమే గుర్తుకు వచ్చింది. నువ్వు చేను గట్టు మీద కూర్చుని కలుపుతున్నావు. మట్టి పిడికిట పట్టి చూసి, తలెత్తి చూసి, ఇంకో రెండు పిడికిళ్ల కందులు వేశావు.

“ఏమే, అన్ని కందులు పోస్తాండావు?” అని నాయన అడిగాడు.

“గాలి యాడనుంచి వస్తాందో చూసినావా? మొదటి వాన ఉంటాది, నడిమి వాన ఉండదు. కొర్ర పోయినా కంది నిలుస్తాది.”

“నీకు మబ్బు వచ్చి చెవిలో చెప్పినట్టుండాది.”

“నీ మాదిరి నిద్రపోతాంటే నాకూ చెప్పదు లే.”

మీ ఇద్దరి మాటలు గుర్తున్నాయి. నీ చేయి గుర్తు లేదు. అప్పుడు నేను పక్కనే కూర్చుని జడ వేసుకుంటున్నాను. ఏ గాలికి ఏది ఎక్కువ, ఏ మట్టికి ఏది తక్కువ అని ఒక్కసారి కూడా అడగలేదు. ఎప్పుడూ నువ్వే కలుపుతావనుకున్నాను.

“నాకు తెలీదు సార్,” అన్నాను.

“పర్వాలేదమ్మా, అందాజుగా చెప్పు.”

“అందాజు కాదు సార్ అది. ఏటేటా మారతాది. మా అమ్మకే తెలుసు.”

ఆయన వాచీ చూసుకున్నాడు. “సరే, అన్నీ సమంగా తూకం వేసి కలుపుదాం. బోర్డు మీద కోసిగి వైపు పాత పద్ధతి అని రాయండి,” అన్నాడు.

అప్పుడు నాకు భయం వేసింది. ఎంత భయం వేసిందంటే, అంతమందిలో మాట దానంతట అదే వచ్చింది. “అట్ల రాయొద్దు సార్,” అన్నాను. “సమంగా కలిపితే అది మీ విత్తనం, మా అమ్మది కాదు. రేపు పండకపోతే మా అమ్మ పద్ధతి పండలేదని మీ పుస్తకంలో రాస్తారు. చదివే పిల్లలు అదే నిజమనుకుంటారు.”

ఎద్దులు తోలే పెద్దాయన, “పిల్ల చెప్పింది వినప్పా,” అన్నాడు. శ్రావణి కళ్లనీళ్లు పెట్టుకుంది. “అక్క కలిపినవే ఇచ్చింది, వేరు చెయ్యమని చెప్పలేదు. మేమే వేరు చేసినాం సార్,” అంది. సారు ఎద్దులను విప్పమన్నాడు. ఆరుద్ర కార్తె దాకా ఆగుతామని, మీ అమ్మ వచ్చి పిల్లలకు చూపిస్తుందేమో అడిగి చెప్పమని నాతో అన్నాడు. మంచిగానే అడిగాడు.

ఆ సాయంత్రం మీ అల్లుడు, “ఇంట్లో నాతోనే నాలుగు మాటలు మాట్లాడవు, సారుతో ఎట్ల మాట్లాడినావే?” అన్నాడు. “నువ్వేమన్నా పుస్తకం రాస్తాండావా?” అన్నాను. నవ్వాడు.

అమ్మా, ఇప్పుడు నువ్వు చెప్పాలి. వస్తే పిల్లలు చుట్టూ కూర్చుంటారు, కెమెరా పెడతారు. పిడికిలి అంటే ఎన్ని గ్రాములని అడుగుతారు, కోప్పడవద్దు. శ్రావణి నీ పేరు, మన ఊరి పేరు పుస్తకంలో రాస్తానంది. ఏదో కాగితం మీద నీ వేలిముద్ర కావాలన్నారు. ముందు నీకు చదివి వినిపించి, నువ్వు ఒప్పుకుంటేనే అని చెప్పాను. గుట్టు బయటికి చెప్పడం నీకు ఇష్టం లేకపోతే రావద్దు. నువ్వు వద్దంటే పొట్లాలు మళ్ళీ వాళ్లకు ఇవ్వనని కూడా చెప్పాను. నువ్వు ఏమన్నా అది నాకు సమ్మతమే. తిట్టాలంటే తిట్టు, మాట్లాడకుండా మాత్రం ఉండవద్దు.

వచ్చేటట్లయితే అన్నను తోడు తెచ్చుకో, కర్నూలు బస్టాండుకు మేము వస్తాము. రెండు శేర్ల మన జొన్నపిండి తేగలిగితే తే, బరువైతే వద్దు. నాయనకు, పెద్దమ్మకు మా ఇద్దరి దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. వదిన నన్ను తలుచుకుంటుందో లేదో, నేను మాత్రం ఆమె చేసే ఉగ్గాని రోజూ తలుచుకుంటున్నాను. మా ఇద్దరినీ చల్లగా ఉండమని దీవించు.

చేటలో పోసిన కొర్రలు మళ్ళీ ఎత్తి పొట్లంలో పెట్టాను. నీ జవాబు వచ్చేదాకా అని అడిగి తెచ్చుకున్నాను, అన్నీ విడివిడిగా నా పెట్టెలోనే ఉన్నాయి. నేను కలపలేదు.

నీ కూతురు
సుంకమ్మ