ఒక్కరికే గది

సూర్యాపేట, 1949, గురువారం రాత్రి

భర్త పోయిన ఆడదానికి ఊళ్లో ఎవరూ ఇల్లు కిరాయికి ఇవ్వడం లేదని, ఒంటరి పంతులమ్మల కోసం బడి వెనుక గదులు కడుతున్నారు. ఇవాళ నా గది చూశాను. ఒక గూడు, ఒక చాప పట్టేంత నేల. చుట్టాలను ఉంచుకోకూడదని షరతు.

మా ఆయనను గొడవల్లో తుపాకీతో కాల్చేసి ఏడాది దాటింది. అప్పటినుంచి కోదాడలో అత్తమ్మ ఒక్కతే ఉంటోంది. "నన్ను గూడ నీ కాడికి తీస్కపో బిడ్డా," అని మొన్న ఉత్తరం రాయించింది.

మేస్త్రి పొయ్యి వేయబోతూ అడిగాడు. "ఇంకెవరన్న వస్తరా అమ్మా? జర పెద్దగ ఏస్త."

"ఎవ్వరు రారు," అన్నాను.

అతను చిన్న పొయ్యికి సరిపడా మట్టి కలిపాడు. నేను నిలబడి చూశాను. ఏడుపు కూడా రాలేదు. అత్తమ్మకు ఏమని రాయాలో...